వాగుడు పెట్టెకు దసరా సెలవు

భూపాలపల్లి బొగ్గుబాయిలో పని చేసి రిటైరైన బుచ్చయ్య తాత ఇప్పుడు కొడకండ్లలో పాల కేంద్రానికి కాపలా. పాలు చల్లబరిచే యంత్రం పక్కన గోడకు ఒక చిన్న పెట్టె ఉంటుంది. పాలెంత చల్లగా ఉన్నాయో, మూత ఎప్పుడు తెరిచారో అది నెట్ తీగ గుండా తొర్రూరు ఆఫీసులోని సర్వర్‌కు చెబుతూనే ఉంటుంది. ఆ రెండూ మాట్లాడుకోవడానికి తెరిచి ఉంచిన దారిని సాకెట్ అంటారని ఇంజనీరు హరిత ఎంత చెప్పినా, తాతకు మాత్రం ఆ పెట్టె వాగుడు పెట్టే.

దసరానాడు పనిముట్లకు పూజ చేసి సెలవివ్వడం తాతకు బాయిలో అబ్బిన అలవాటు. యంత్రాన్ని ఆపితే పాలు విరిగిపోతాయి. అందుకని పెట్టెకు బొట్టు పెట్టి, దాని నెట్ తీగ పీకేశాడు.

"ఏడాదంత ఒర్రినవ్. ఇయ్యాల జర సల్లగుండు."

సాయంత్రం హరిత ఫోన్ చేసింది. "తాతా, పొద్దటి సంది సర్వర్‌కు ఒక్క ముచ్చట రాలే. మిషిన్ బందైందా?"

"లేదు బిడ్డా. ట్యాంకు మీద చెయ్యేసి చూసిన, మంచుగడ్డ లెక్కున్నది."

"నీ చేతిని మా సార్లు నమ్మరు. ముచ్చట రాకుంటె ట్యాంకర్ పాలెక్కించుకోదు. ఊరి పాలన్ని మోరిల పొయ్యాలె!"

జనగామ నుంచి ట్యాంకర్ బయలుదేరే ఉంటుంది. తాత తీగ పీకిన సంగతి ఒప్పుకున్నాడు.

హరిత పకపకా నవ్వింది. "తీగ పెట్టు తాతా. పెట్టెకు కరెంటున్నది గద, అన్ని దాచుకునే ఉంటది."

తాత తీగ పెట్టాడు. పెట్టె మీద పచ్చ దీపం వెలిగింది. సంత నుంచి వచ్చిన భార్య సాలమ్మ గుక్క తిప్పుకోకుండా కబుర్లు చెప్పినట్టు, అది దాచుకున్నవన్నీ, ఏ వేళవి ఆ వేళతో సహా, సర్వర్‌కు ఒప్పజెప్పింది.

"వచ్చినయ్ తాతా! పాలు మంచిగున్నయ్. గని మధ్యాహ్నం మూత మాటిమాటికి ఎందుకు తెరిచినవ్?"

అప్పుడే చాయ్ తెచ్చిన సాలమ్మ చెవిన ఫోన్‌లోని ఆ మాట పడనే పడింది. "సల్లటి పాలు తాగితె దగ్గు లేస్తదని దవాఖానల చెప్పలేదా? సెలవు పెట్టెకిచ్చినవా, నీ దొంగతనానికిచ్చినవా?"

బయట ట్యాంకర్ హారన్ మోగింది. తాత బతుకు జీవుడా అని లేచి, పెట్టె బొట్టు సరిచేశాడు.

"ఊరి పాలు నిలబెట్టినవ్, బాగనే ఉన్నది. గని గుట్టు దాచుట్ల మా ముసల్దానికన్న నువ్వే నయమనుకున్న గదనే!"