సూది లేని కనెక్టర్

నిన్న భోగాపురం దగ్గర ఒడ్డున ఎవరో పడవ పగుళ్లకు గుగ్గిలం కాస్తున్నారు. ఆ పొగ వాసన తగలగానే నా కాళ్లు ఆగిపోయాయి. నూకరాజు మావ గుర్తొచ్చాడు. వరసకు చుట్టమేమీ కాదు. ఎచ్చెర్లలో చదువు ముగించి దిక్కు తోచక తిరుగుతున్న నాకు, ఊళ్లకు వైఫై లింకులు పెట్టే పని నేర్పిన మనిషి. పుట్టింది వేటకెళ్లే ఇంట్లో. అందుకే యాంటెనాకు వైరు కలిపే కనెక్టర్ బిగించి టేపు చుట్టాక దాని మీద గుగ్గిలం పూసేవాడు. ఉప్పు గాలికి అదే మందు అనేవాడు.

నాకేమో పెద్ద యాంటెనాల పిచ్చి. ఒకసారి శృంగవరపుకోటలో బారెడు యాంటెనా కావాలని పట్టుబడితే కసిరాడు.

"ఒసే, పెద్దదెడితే దూరం పోతాది, నిజమే. కానీ ఒక పక్కకే పోతాది. ముందు కనెక్టర్ లోపల సూడు. అయి రెండు రకాలు, బిగించే మర రెండిటికీ ఒకేలాగుంటాది. ఒకదాన్లో సూది ఉంటాది, ఇంకోదాన్లో ఉండదు. బొక్కకి బొక్క బిగిస్తే ఏటొస్తాది, నీ మొకం?"

మావ ఇల్లు సరుగుడు తోటల అవతల. అక్కడ ఫోన్లు పలకవు. గుండె బాగాలేదని డాక్టరు హెచ్చరించాక తన ఇంటికీ ఒక లింకు పెట్టుకుందామన్నాడు. ఆయన్ని మేడ ఎక్కనివ్వలేదు అత్త, అంటే మావ భార్య. నేనొక్కదాన్నే ఎక్కాను. నాకు నచ్చిన పెద్ద యాంటెనాయే పెట్టాను. కనెక్టర్ బిగించి, టేపు చుట్టి, గుగ్గిలం నున్నగా పూశాను.

కింద మంచం మీద నుంచి మావ అడిగాడు. "లోపల సూసేవా?"

"చూశాను మావా."

చూడలేదు. ఎండకు తల మాడిపోతోంది, ఎప్పుడు దిగుతానా అని ఉంది. ఆ వైఫై మీదే ఫోను చేసి చూస్తే మోగింది. మావ మురిసిపోయాడు.

నాలుగో రోజు పెద్ద వాన. మావకు ఛాతీ నొప్పి వచ్చింది. అత్త ఎన్నిసార్లు చేసినా ఫోను కలవలేదు. తడుస్తూ తోట దాటి రోడ్డు మీదికి పరుగెత్తింది. అంబులెన్సు వచ్చేసరికి మావ లేడు.

దినాలయ్యాక మేడెక్కి, గుగ్గిలం గీకి, మర విప్పాను. రెండు వైపులా బొక్కలే. ఎండలో ఎలాగో పలికిన లింకు వానకు తెగిపోయింది. దిగి వచ్చాక అత్త నా మొహం చూసి అంది, "నీ తప్పేటి లేదే పిల్లా, గాలికి పోయుంటాది."

నేను తలూపాను. ఆ తలూపుడుకు నన్ను నేను ఇంతవరకూ క్షమించుకోలేదు.

ఇప్పుడు నా దగ్గర ముగ్గురు పనిచేస్తున్నారు. వాళ్లు బిగించిన ప్రతి కనెక్టరూ మళ్లీ నేనే విప్పి లోపల చూస్తాను. చాదస్తం అని నవ్వుకుంటారు. నెలకోసారి అత్త దగ్గరికి వెళ్తాను. చెప్పేద్దామనే వెళ్తాను. ఆమె అన్నం పెడుతుంది. తిని వచ్చేస్తాను.