కొబ్బరినూనె రాసిన గాజు పలకలు

మధ్యాహ్నం పన్నెండు ఇరవైకి క్వారీ సైరన్ మోగింది. ఎవరూ చెప్పకుండానే పిల్లలు అన్నం కంచాల మీద నోటుపుస్తకాలు బోర్లించారు. పేలుడు అయ్యాక పుస్తకాల మీది బూడిదరంగు పొడి దులిపి తిన్నారు. టెక్కలి దగ్గర ఆ బడిలో టీచరుగా నా మొదటి రోజు అది. బదిలీ నేనే అడిగి తీసుకున్నాను.

మా అన్నయ్య ఆ క్వారీలోనే పద్నాలుగేళ్లు రాయికి డ్రిల్లు పెట్టాడు. దగ్గు పట్టి చిక్కిపోతే మేనేజరు, "ఉద్దానపోడివి కదేటి? కిడ్నీలే. మీకాడ ఏ ఇంట్లో లేవు సెప్పు?" అన్నాడట. మేమూ నమ్మాం. కిడ్నీ జబ్బుల ఉద్దానంలో, మా ఊళ్లో మనిషి నీరసిస్తే ఇంకో మాట తోచదు. ఏడాదిపాటు పలాస తీసుకెళ్లి క్రియాటినిన్ పరీక్షలు చేయించాం. ఉప్పు మాన్పించాం. రిపోర్టు బాగున్న ప్రతిసారీ సంతోషించాం. చివరికి ఎక్స్‌రే తీసి, ఊపిరితిత్తుల్లో రాతిపొడి పేరుకుందని డాక్టరు చెప్పాడు. నెల తిరక్కుండా అన్నయ్య పోయాడు. పెదకర్మకు మేనేజరు వచ్చి, కిడ్నీలు పాడుచేసేవి అవేనంటూ మా ఊరి నీళ్లను తిట్టి, భోంచేసి వెళ్లాడు.

పర్యావరణ పాఠాల్లో గనుల అధ్యాయం వచ్చింది. పిల్లల చేత మూడు గాజు పలకలకు కొబ్బరినూనె రాయించాను. ఒకటి బడి కిటికీలో, ఒకటి ఊరవతల జీడితోటలో, ఒకటి క్వారీ దగ్గర డ్రిల్లర్లు చొక్కాలు ఆరేసే తీగకు కట్టించాను. వారం తర్వాత సైన్స్ ప్రదర్శన. ముఖ్య అతిథిగా మేనేజరును పిలవమని హెడ్మాస్టరుకు నేనే చెప్పాను. తల్లిదండ్రుల్లో సగంమంది క్వారీవాళ్లు. వెనక నిలబడ్డారు.

క్వారీ దగ్గర కట్టిన మూడో పలక మేనేజరు చేతిలో పెట్టాను. పట్టిన పొడికి దాని వెనక ఆయన వేళ్లు కనబడలేదు.

"ఇది ముక్కులోంచి కిడ్నీల్లోకి ఎలా వెళ్తుందో పిల్లలకు చెప్పండి సార్," అన్నాను.

"మేస్టారు జోకులేత్తన్నారు," అని నవ్వాడు.

"సెప్పండి బాబూ," అన్నాడు వెనక నుంచి ఒక డ్రిల్లర్. "మా మావకీ కిడ్నీలే అన్నారు కదా. మాది ఉద్దానం కూడా కాదు."

ఎవరో నవ్వారు. మేనేజరు మెడ మీద చెమట పట్టింది. ఇంకాసేపు చూడాలనిపించి ప్రశ్న మళ్లీ అడిగాను.

మర్నాడు డ్రిల్లర్లు ఆ పలకను ఆఫీసు బల్ల మీద పెట్టి బయట కూర్చున్నారు. మూడు రోజులు మిషన్లు మోగలేదు. నాలుగో రోజు, డ్రిల్లు కింద పొడి లేవకుండా తడిపే నీళ్ల పైపులు వచ్చాయి.

మేనేజరు నన్ను చూస్తే రోడ్డు దాటి అవతలికి వెళ్తాడు. ఆయన వెనకే నేనూ దాటుతాను.

ఆ క్వారీలో ఇప్పుడు నీళ్లు పోయకుండా రాయికి డ్రిల్లు పెట్టడం లేదు.