వలత్త ముడి వేసిన వల

ఆమెను పిల్లలు వలత్త అనేవారు. రానురాను పెద్దవాళ్ల నోటికీ ఆ పేరే అలవాటైపోయింది. రేవు వెనక రేకుల షెడ్డులో, చిరిగిన వలల గుట్టల మధ్య, దారం చుట్టిన చెక్కసూది పట్టుకుని పొద్దంతా కూర్చునేది. ఒకసారి చేపల వేటకెళ్లిన పడవ తిరిగొచ్చింది గానీ అందులో వెళ్లిన ఆమె భర్త రాలేదు. అప్పట్నుంచి పిల్లలతో తప్ప ఎవరితోనూ మనసు విప్పి మాట్లాడింది లేదు.

సెలవురోజు మధ్యాహ్నం ప్రార్థన మందిరం వెనక గదిలో చాప పరిచి, చుట్టూ పిల్లల్ని కూర్చోబెట్టుకుని, దేవుడు సముద్రంలో చేసిన జీవాల గురించి చెప్పేది. చెమ్మ వాసన కొట్టే గది, ఒక్కటే కిటికీ. అయినా నోరు తెరిచిందంటే వలత్త వేరే మనిషైపోయేది.

"ఆక్టోపస్‌కి మూడు గుండెలు పెట్టాడర్రా దేవుడు!"

"మూడెందుకత్తా?"

"మీలాంటి పిడుగుల్ని భరించాలంటే ఒకటి చాలదనుకున్నాడేమో!"

సముద్రపు గుర్రాల్లో పిల్లల్ని కడుపులో మోసేది నాన్నేనని చెబితే పొట్ట పట్టుకుని నవ్వేవారు. అందరిలోకీ పుల్లలా ఉండే ఓ పిల్లను పిచ్చుక అని పిలిచేవారు. దానికి తాబేలంటే ప్రాణం. "బతికేది నీళ్లలోనే, కానీ ఊపిరి కోసం పైకి రావాలి. ఆ తెలివి దానికి దేవుడే ఇచ్చాడు" అని వలత్త చెప్పిన దగ్గర్నుంచి బకెట్లో మొహం ముంచి ఊపిరి బిగబట్టడం, అమ్మచేత చీవాట్లు తినడం పిచ్చుకకు రోజూ ఉండే పనైంది.

గాలివాన వెలిశాక మొదటిసారి వేటకెళ్లిన పెద్ద పడవ పొద్దున్నే రేవుకొచ్చింది. దాన్ని నడిపే సరంగు, మనుషుల చేత వలను ఈడ్పించుకొచ్చి షెడ్డు ముందు పడేయించాడు. వలలో చాపంత తాబేలు. మెడ చుట్టూ దారం బిగుసుకుపోయి ఉంది. కళ్లు తెరుచుకునే ఉన్నాయి, ప్రాణం మాత్రం లేదు.

"వల కొయ్యక తప్పదక్కా. కోసి, మళ్లీ అల్లిపెట్టు" అన్నాడు సరంగు.

వలత్త కత్తి తీసుకుని వంగింది. దారం బిగిసిన చోట జంట ముడులున్నాయి. అలా వేసేది ఆమె ఒక్కతే. ఆమె చెయ్యి ఆగిపోయింది.

ఎవరు చెప్పారో ఏమో, పిల్లలు పరుగెత్తుకుంటూ వచ్చారు. ముందు పిచ్చుక. తాబేలు పక్కన గొంతుక్కూర్చుని చాలాసేపు చూసింది.

"ఊపిరికి పైకి రావాలన్నావుగా అత్తా. మరెందుకు రాలేదు?"

"రానియ్యలేదమ్మా. వల పట్టేసింది."

"ఈ వల ఎవరల్లారు?"

తెలీదంటే అక్కడితో పోయేది. వలత్త నోట అబద్ధం రాలేదు.

"నేనే."

పిచ్చుక ఏడవలేదు. లేచి, గౌను దులుపుకుని, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్లిపోయింది. ఆ తర్వాతి సెలవురోజు చాప మీద సగం ఖాళీ. పిచ్చుక జాడే లేదు.

మందిరంలో ప్రార్థన చేయించే పెద్దాయన నెమ్మదిగా సర్దిచెప్పబోయాడు. "పసివాళ్లమ్మా. అంతా దేవుడి చిత్తం అని చెప్పు, మర్చిపోతారు."

"దేవుడి మీదికి ఎలా నెట్టనయ్యా? ఆయన దాన్ని చేశాడు. ముడి వేసింది నేను."



ఆమె సరంగును బతిమాలింది. "వలకి పైన ఓ దారి వదిలి అల్లుతాను. తాబేలు బయటపడుతుంది."

"దాంతో పాటు చేపలూ బయటపడతాయి. మేం సముద్రానికి వెళ్లేది గాలి పీల్చుకోడానికా?" పడవలో వాళ్లంతా గొల్లున నవ్వారు. తర్వాత అతనే గొంతు తగ్గించి, "నువ్వు కాకపోతే ఇంకొకళ్లు అల్లుతారక్కా. ఎందుకు మనసు కష్టపెట్టుకుంటావు?" అన్నాడు.

అన్నట్టే అయింది. వలత్త సూది అక్కడ పెట్టేసి రొయ్యలు ఒలిచే షెడ్డులో చేరింది. ఐసు నీళ్లలో వేళ్లు మొద్దుబారిపోయేవి. సాయంత్రానికి గ్లాసు పట్టుకున్నా జారేది. ఆమె చోట్లోకి వచ్చిన కుర్రది చురుకైనది, వలల పని ఆగలేదు. అప్పుడప్పుడూ చచ్చిన తాబేళ్లు ఒడ్డుకి కొట్టుకొస్తూనే ఉన్నాయి.

చలి మొదలైన రోజుల్లో ఒక సెలవురోజు మందిరం గది గుమ్మంలో పిచ్చుక కనిపించింది. వలత్త ఒక్కతే కూర్చుని ఉంది.

"వలలు మానేశావంట కదా?"

"మానేశాను."

"అయితే తాబేళ్లు చచ్చిపోవడం లేదా ఇప్పుడు?"

"చచ్చిపోతున్నాయమ్మా."

"మరి దేవుడు చూస్తూ ఊరుకుంటున్నాడా?"

వలత్త పగిలిన వేళ్లను ఒళ్లో దాచుకుంది. "నేనూ అదే అడుగుతున్నాను. ఇంకా నాకేం తెలియలేదు."

పిచ్చుక వచ్చి చాప చివర కూర్చుంది. ఏదో ఒకటి చెప్పాలి కాబట్టి వలత్త పీత సంగతి ఎత్తుకుంది. అది పక్కకి నడిచే తీరును నేల మీద చేత్తో చూపించింది. ఒకప్పుడు దానికి పడీపడీ నవ్వే పిల్ల ఆ వేళ నవ్వలేదు. లేచి వెళ్లిపోనూ లేదు.