గుట్ట వెనక కలే పొదలు

మొన్న పక్కింటావిడ అరకిలో వాక్కాయలు తెచ్చి, "పచ్చడి మీ చేత్తోనే పెట్టాలండీ" అంది. మాగాయ, చింతకాయ, ఉసిరి, ఏది చెప్పినా పెడతాను, ఇది మాత్రం పెట్టనన్నాను. "కోస్తావాళ్లయ్యుండి వాక్కాయ పెట్టకపోవడమేమిటండీ" అని నవ్వింది. నేనూ నవ్వేసి కాయలు తిరిగి ఇచ్చేశాను. నాకు చేతకాదనుకున్నట్టుంది. అనుకోనీ.

తొంభైల్లో మేము బాన్సువాడ దగ్గర కాలవ కింద పొలం చేసేవాళ్లం. తాతల కాలంలోనే వచ్చి స్థిరపడ్డాం గానీ, కోస్తా నుంచి కోడలిగా వచ్చిన మా అమ్మకు మాత్రం ఏది వండినా "మా ఊళ్లో అయితేనా" అన్నదే మొదటి మాట. పప్పులోకి నాలుగు వాక్కాయలు దొరకని ఊరూ ఒక ఊరేనా అనేది. మా నాట్లకు తండా నుంచి ఒకామె వచ్చేది. నా ఈడుదే ఆమె కూతురు, ఆమెను యాడీ అని పిలిచేది, వాళ్ల భాషలో అమ్మ అని. నేనూ అలాగే పిలిచేదాన్ని. ఐదో తరగతి ముగిసిన వేసవిలో యాడి మమ్మల్నిద్దరినీ తండా దగ్గరి గుట్ట వెనక్కి తీసుకెళ్లింది. అక్కడ నిలువెత్తు ముళ్లపొదలు, వాటి నిండా ఆకుపచ్చని కాయలు. వాళ్లు కలే పండ్లంటారు. అమ్మమ్మ ఊళ్లో చూసినవే, అమ్మ కలవరించే వాక్కాయలే. చేయి చాపితే యాడి ఆపింది. "పచ్చివి తెంపకు బిడ్డా. ఇంకో ఇరవై దినాలకు నల్లగైతయి. గప్పుడు బస్టాండ్ల అమ్ముకొని పిల్లకు హాస్టల్‌కు పెట్టె కొంటా. పెట్టె లేకుంటే ఆరో తరగతికి ఎట్ల తోలాలె?" కాలవకు నీళ్లు కట్టేసిన ఆ రోజుల్లో కూలి ఉండదు, ఆ పండ్లే వాళ్ల పంట. ఎవరికీ చెప్పనని తలూపాను.

నాలుగు రోజులు ఆగాను. ఐదో రోజు అమ్మ మళ్లీ వాక్కాయ పురాణం విప్పితే, మెప్పు కోసం "నేను చూపిస్తా" అన్నాను. అమ్మ ఇద్దరు పనివాళ్లను పెట్టి, పొదలన్నీ దులిపించి, రెండు గోతాలు ఇంటికి చేర్చింది. "పండేదాకా ఉంచితే పులుపెక్కడుంటుందే?" అంది. ఆవిడకు పచ్చిదే కాయ, పండిందంటే పాడైనట్టే. పెట్టె సంగతి నేను చెప్పలేదు.

మూడో రోజు, ముందుగా నల్లబడ్డవేమైనా ఉన్నాయేమోనని గుట్టకు వెళ్లిన యాడి ఖాళీ గంపతో మా పెరట్లోకి వచ్చింది. మేము ఇంకా కాయలు చీల్చి గింజలు తీస్తున్నాం. "ఇదిగో, మీ గుట్ట మీదివే, రుచి చూడు" అని అమ్మ విస్తరాకు ముక్కలో పచ్చడి పెట్టి ఇచ్చింది. అమ్మకేం తెలుసు? యాడి నాకేసి చూసింది. నేను వేళ్లకంటిన జిగురుపాలు గీక్కుంటూ తలొంచుకున్నాను. ఆమె నాలుకకు రాసుకుని, "మంచిగున్నదమ్మా" అంది. వెళ్తూ నాతో, "దారి మంచిగ యాదికుంచుకున్నవ్ బిడ్డా" అంది. తిట్టినా బాగుండేది.

మా అటక మీద అప్పటికి మూడు రేకు పెట్టెలు ఖాళీగా ఉన్నాయి. ఒకటి ఇమ్మంటే అమ్మ కాదనేది కాదు. అడిగితే నేను చేసింది బయటపడుతుంది. నోరు మూసుకున్నాను, పిరికిదాన్ని. వానలు పడ్డాక, కొత్త యూనిఫాం వేసుకుని నేను ఆరో తరగతికి వెళ్తుంటే, ఆ పిల్ల తల్లి పక్కన మా మడిలోనే వంగి నాట్లేస్తోంది. "చిన్నదైనా చేయి చురుకు" అని అమ్మ మెచ్చుకుంది. మర్నాటి నుంచి నేను ఇంకో గట్టు మీదుగా బడికి వెళ్లాను.

కలే పొదలు మరుసటి ఏడూ కాశాయి, ఆపై ఏడూ కాశాయి. ఆరో తరగతిలో చేరే ఈడు మాత్రం ఆ పిల్లకు ఒక్కసారే వచ్చింది.