తొమ్మిదో గింజ

మా పాప ఒకటో తరగతిలో ఉన్నప్పుడు స్కూలున్న ప్రతి ఉదయం దానికి కడుపునొప్పి వచ్చేది. ఆదివారం మాత్రం రాదు. హిందూపురంలో ఇద్దరు డాక్టర్లు చూసి ఏమీ లేదన్నాక తెలిసింది, ఆ నొప్పి కూడికలదని. పలక మీద నాలుగూ మూడూ ఎంత అని రాస్తే చాలు, బిగుసుకుపోయి నా ముఖం చూసేది. నాదేమో ముక్కు మీద కోపం. ఒకరోజు వీపు మీద ఒకటి వేశాను. ఆ తర్వాత అది నా ముందు పలక తీయడమే మానేసింది. నా కూతురు భయపడేది లెక్కలకు కాదు, నాకేనేమోనని లోలోపల హడలిపోయాను.

ఎండలు మొదలయ్యాక మా అమ్మ పెనుకొండ నుంచి ఏడాదికి సరిపడా చింతకాయలు గోనెసంచిలో తెచ్చింది. ముగ్గురం వరండాలో కూర్చుని పెంకులు ఒలుస్తున్నాం. అమ్మ రెండు కాయలు తీసి పాప చేతిలో పెట్టింది.

"ఒలవకుండా చెప్పు పాపా, రెండిట్లో కలిపి ఎన్ని గింజలుండాయి? సరిగ్గా చెప్తే పండు నీకు. లేకుంటే నాకు."

పాప కాయల మీది బుడిపెలను వేలితో తడిమింది. "ఏడు." ఒలిచి చూస్తే ఏడే. పండు నోట్లో వేసుకుని, పులుపుకి కళ్లు గట్టిగా మూసుకుంది. అది కూడిక అని దానికి ఎవరూ చెప్పలేదు. నేను కూడా నోరు మూసుకున్నాను, అదే పెద్ద విశేషం. కాసేపటికి తనే అడగడం మొదలుపెట్టింది. "అవ్వా, మొత్తం ఎనిమిది. ఈ కాయలో మూడు. నా వెనక దాచిన కాయలో ఎన్ని?" మా అమ్మ కావాలనే తప్పు చెప్పి ఓడిపోయింది.

తర్వాత ఒక జతకు పాప తొమ్మిది అంది. ఒలిస్తే ఎనిమిదే.

"చూసినావా? మళ్లా తప్పే," అనేశాను. నా నోరు ఊరుకుంటే కదా. పాప ముఖం ముడుచుకుంది. అంతా పాడుచేశాననుకున్నాను. కానీ అది ఏడవలేదు. పండును విప్పదీసి, నల్లటి పొడి నిండిన గుంటను నా ముక్కు దగ్గర పెట్టింది.

"ఈడ ఉండాది చూడు మా. పురుగు తినేసింది. నాది తప్పు గాదు, నీదే తప్పు."

మా అమ్మ పకపకా నవ్వింది. నాకు మాత్రం కళ్లు చెమర్చాయి. నా ముందు నోరు మెదపని పిల్ల నన్నే తప్పు పట్టింది. గుండెల మీది బరువు దిగిపోయింది. "అవును పాపా, తప్పు నాదే," అన్నాను.

సోమవారం ఉదయం అది మళ్లీ కడుపు పట్టుకుని నిలబడింది. నా ప్రాణం ఉసూరుమంది. తీరా చూస్తే, ముందురోజు గెలిచిన పండంతా తినేసింది. ఈసారి నొప్పి నిజమే. వాము నీళ్లు తాగించి, ఈ పొద్దు స్కూలుకు పోవద్దులే అన్నాను.

"లేదు మా, పోతా," అంటూ రెండు కాయలు బ్యాగులో వేసుకుంది. "మేడంని అడగాల, ఎన్నుండాయో."