బల్ల మీద మూడు దెబ్బలు

గోడ గడియారం ఒంటిగంటన్నర చూపిస్తోంది. అన్నం తినడానికి కూర్చుని, రెండు మోచేతులూ బల్ల మీద ఆనించాను. అప్పుడు మోచేతుల ఎముకల్లోకి మూడు దెబ్బలు తగిలాయి. చప్పుడు లేదు. బల్ల రెండో చివర ఎవరో కర్రతో కొట్టినట్టు ఒకటి, రెండు, మూడు. అటువైపు ఎవరూ లేరు. మా ఆయన డ్యూటీలో ఉన్నారు, అత్తయ్య వైశాలి నగర్లో మా ఆడపడుచు ఇంటికి వెళ్ళారు.

నాకు దెయ్యాల మీద నమ్మకం లేదు, ఇవాళ్టికీ లేదు. డిగ్రీలో ఫిజిక్స్ చదివాను. పిల్లలకి ఒళ్ళు వెచ్చబడితే గంటకోసారి థర్మామీటర్ పెడతాను. గ్యాస్ కట్టేశానో లేదో అని వీధి చివరి నుంచి వెనక్కొస్తాను. భయస్తురాలినే. అయితే నా భయాలన్నీ కంటికి కనిపించేవాటి గురించే.

కానీ ఆ మూడు దెబ్బలు నాకు చిన్నప్పటి నుంచి తెలుసు.

హిందీ మాట్లాడే ఈ స్టీలు ప్లాంటు ఊళ్ళో మా పేట ఖుర్సీపార్. అక్కడ మా తెలుగు సంఘం హాలు వెనక రేకుల గది ఒకటుంది. నాలుగు ఇనప బీరువాల నిండా పుస్తకాలు, మధ్యలో పొడుగాటి టేకు బల్ల. అదే మా లైబ్రరీ. నా చిన్నప్పుడు దాన్ని అప్పన్న తాతగారు చూసుకునేవారు. శ్రీకాకుళం వైపు మనిషి, ప్లాంటులో రైలు పట్టాలు చేసే మిల్లులో రిటైరయ్యారు.

నైట్ షిఫ్ట్ దిగినవాళ్ళు తెలుగు పేపరు చూడ్డానికి వచ్చి ఆ బల్ల మీదే తలవాల్చి నిద్రపోయేవారు. మా నాన్న కూడా. మిల్లు మోతకి సగం మందికి చెవులు పోయాయి, పిలిస్తే వినపడదు. అందుకని మూసే వేళకి తాతగారు రూళ్ళకర్రతో బల్ల మీద మూడు దెబ్బలు వేసేవారు. మోచేతుల్లోంచి తెలిసి అందరూ లేచేవారు. "లెగండి బావూ, ఇళ్ళకాడ ఎదురుచూస్తన్నారు" అని కూడా అనేవారు, ఎవరికీ వినపడకపోయినా. లోపల ఒక్క మనిషి ఉండగా ఆయన తాళం వేసింది లేదు.

ఆయన పోయి ఎనిమిదేళ్ళయింది. మా అబ్బాయి చిన్నూకి ఐదేళ్ళు.

ఇప్పుడు ఆ తాళం చెవి నా దగ్గరుంటుంది. ఇక్కడ పుట్టిన పిల్లలకి హిందీ వచ్చినంతగా తెలుగు రాదు. ఆదివారం పొద్దున్న పదిమందిని కూర్చోబెట్టి అక్షరాలు దిద్దిస్తాను. ఆ మే నెల ఆదివారం క్లాసు అయ్యే వేళకి కరెంటు పోయింది. మా వీధిలో స్కూటీ ఉన్నవాళ్ళు కనపడ్డ పిల్లల్నల్లా ఎక్కించుకుపోవడం మామూలు. పక్కింటి గౌరి వదిన గేటు దగ్గర్నుంచి అరిచింది, "పిల్లల్ని ఎక్కించేశానమ్మా! ఇంకొకడెక్కితే నన్ను పోలీసులు పట్టుకుంటారు. నువ్వు తాళమేసి రా!"

నా కూతురు హాసినితోపాటు చిన్నూ కూడా బండి మీదున్నాడనుకున్నాను. వాడు నా దగ్గరున్నాడని ఆవిడ అనుకుంది. గుమ్మం దగ్గర ఒక్క జత చెప్పులు కూడా లేవు. కిటికీలు మూసి తాళం వేశాను. ఆదివారాలు నా పిల్లలు గౌరి వదిన ఇంట్లోనే తిని ఆడుకుంటారు. నాలుగు దాటితే గానీ నేను అడగను.

దెబ్బలు తగలగానే ఏమీ ఆలోచించలేదు. చిన్నప్పుడు లేచినట్టే లేచి నిలబడ్డాను. నిలబడ్డాక తెలిసింది. ఆ దెబ్బలకి అర్థం ఒక్కటే, లోపల ఇంకా మనిషి ఉన్నాడని.

వదినకి ఫోన్ చేశాను. "చిన్నూ ఏడి?"

"అదేటి, నీ దగ్గర లేడా?"

రెండు సందులు ఎలా దాటానో గుర్తులేదు. లైబ్రరీ తలుపు తీస్తే పొయ్యి ముందు నిలబడ్డట్టు సెగ. చిన్నూ తలుపు దగ్గరే బోర్లా పడుకుని, కింది సందుకి మొహం ఆనించి ఉన్నాడు. చొక్కా తడిసి ఒంటికంటుకుంది, మొహం కందిపోయింది, కళ్ళు మాత్రం తెరిచే ఉన్నాయి. కొత్త చెప్పులు ఎవరైనా ఎత్తుకుపోతారని లోపలికి తెచ్చుకుని, తలకింద పెట్టుకుని, బల్లకింద నిద్రపోయాడట.

నీళ్ళు తాగాక వాడు ఏడవలేదు. కోపంగా ఉన్నాడు.

"మమ్మీ, ఆ దాదాజీ నన్ను సోనే నహీ దియా. నిద్రపోదామని పడుకుంటే చాలు, పైన టేబుల్ కొడతాడు. టక్, టక్, టక్. అందుకే డోర్ దగ్గరికొచ్చేశా."

"ఏ తాతయ్య రా?"

"పతా నహీ. కొట్టాడు, బస్."

ఆస్పత్రికి తీసుకెళ్తే, తలుపు కింద గాలి తగలబట్టి బతికిపోయాడు, బల్లకిందే నిద్రపోయి ఉంటే చెప్పలేం అన్నారు డాక్టరు గారు.

గూడ్సు బండి వెళ్ళుంటుందిలే అన్నారు మా ఆయన. గూడ్సు వెళ్తే మా ఇల్లంతా వణుకుతుంది, గ్లాసులో మజ్జిగ మీద వలయాలు లేస్తాయి. ఆ రోజు నా ముందు నిండు గ్లాసుంది. మజ్జిగ కదల్లేదు. చిన్నూయే కొట్టాడనుకుందామన్నా, ఆ బల్ల ఎక్కడ, మా బల్ల ఎక్కడ? రూళ్ళకర్ర బీరువాలోనే ఉంది, బీరువా తాళం వేసే ఉంది. తాతగారి గురించి వాడికి నేనెప్పుడూ చెప్పలేదు. హాసినికి చెప్పానేమో, ఎంత ఆలోచించినా గుర్తురావడం లేదు.

సాయంత్రానికి వీధంతటికీ తెలిసింది. అత్తయ్య వచ్చి నిమ్మకాయలతో దిష్టి తీశారు. "ఆ గదిలో ఏటుందో ఏటో. మళ్ళీ పిల్లల్ని అటేపు తీసుకెళ్తే నా మీద ఒట్టే" అన్నారు. సంఘం పెద్దాయన ఫోన్ చేసి, గది మూసేసి పెళ్ళి వంటల గిన్నెలు పెట్టుకుందాం అన్నారు.

"నా కొడుకు మీద తాళం వేసింది నేను బాబాయ్ గారూ. గదినేమీ అనకండి. తాళం చెవి ఇవ్వను" అన్నాను. పెద్దవాళ్ళకి అలా ఎదురు చెప్పడం నాకదే మొదటిసారి. ఆ గది మూసేస్తే ఈ పేటలో నా పిల్లలకి తెలుగు పుస్తకం దొరికే చోటు ఇంకొకటి లేదు.

ఇది రాస్తూ మధ్యలో రెండుసార్లు లేచెళ్ళి పిల్లల్ని చూసొచ్చాను. ఆ దెబ్బలు ఎవరివో నాకిప్పటికీ తెలియదు. తెలియదు కాబట్టి భయపడాలని ఎవరైనా అంటే మాత్రం ఒప్పుకోను.

ఆ ఆదివారం మర్నాడు పొద్దున్న ఇడ్లీ తింటున్న పిల్లలిద్దరికీ చెప్పాను. "నిన్న తప్పు అమ్మది. బల్లకింద చూడకుండా తాళం వేశాను. టేబుల్ కొట్టిందెవరో అమ్మకి తెలీదు. కానీ మనం లైబ్రరీకి వెళ్ళడం మానెయ్యం. ఇకనుంచి తాళం వేసేముందు రూళ్ళకర్రతో మూడుసార్లు కొట్టాలి, అందరూ బయటికి రావాలి. ఆ పని నీది చిన్నూ. గట్టిగా కొట్టు. చెవులు వినపడనివాళ్ళకి కూడా తెలియాలి."