మూస్తే పోతాదా, పాపా?

2023 ఎండాకాలం. తిరుపతి బస్టాండు వెనక సందులో మా నెట్ సెంటర్. మూడు కంప్యూటర్లు, ఒక ప్రింటర్, ఎప్పుడూ ఏడు నిమిషాలు ముందు నడిచే గోడ గడియారం. దర్శనం టికెట్లు, ఆసుపత్రి ఓపీ స్లిప్పులు, హాల్ టికెట్లు, పింఛను దరఖాస్తులు, ఏది కావాలన్నా చేసిపెడతాను. నా పుట్టిల్లు నగరి. అందుకని నగరి వాళ్లు కొండకు వచ్చినా, ఆసుపత్రికి వచ్చినా "మన పాప అంగడి" అని వెతుక్కుంటూ వస్తారు. ఆ పేరు చూసుకుని మురిసిపోయేదాన్ని. ఇప్పుడు ఎవరైనా అలా అంటే గుండెల్లో కలుక్కుమంటుంది.

దర్శనం టికెట్లు ఆన్‌లైన్‌లో వదిలే రోజు మాకు పరీక్షే. పది గంటలకు తెరుస్తారు, కళ్లు మూసి తెరిచేలోగా అయిపోతాయి. అప్పుడు నా దగ్గరున్నది పాత బ్రౌజర్. బ్రౌజర్ అంటే ఇంటర్నెట్ పేజీలను తెరిచి చూపించే ప్రోగ్రాం. మూసిన ప్రతిసారీ హిస్టరీ, అంటే ఏ పేజీలు చూశామన్న జాబితా, మొత్తం చెరిగిపోయేలా దాన్ని పెట్టుకున్నాను. రోజుకు ముప్పై మంది వచ్చే చోట అదే పద్ధతి. కాకపోతే ప్రతిసారీ మొదటి నుంచి మొదలుపెట్టాలి గనక నత్తలా నడిచేది. "పక్క సందులో టక్కుమని దొరికినాయంటమ్మా" అని రెండు నెలలు వరసగా జనం మొహం మీదే అనేసరికి నాకు రోషం వచ్చింది. అందరూ వేగం, వేగం అంటున్న ఒక కొత్త బ్రౌజర్ వేసుకున్నాను.

వేసుకునేటప్పుడు అది ఒక ప్రశ్న అడిగింది. మూసినప్పుడు తెరిచి ఉన్న పేజీలను గుర్తు పెట్టుకోమంటారా, మళ్లీ తెరిస్తే వేగంగా వస్తాయి అని. మౌస్ మీద చెయ్యి పెట్టుకుని కాసేపు ఆలోచించాను. నాకు తెలియక కాదు. ఇంట్లో ఒక్కరు వాడే మిషన్‌కు అది బాగుంటుంది, ఊరంతా వాడే మిషన్‌కు పనికిరాదు. కానీ టికెట్ల రోజు మూడు రోజుల్లో ఉంది. రోజూ సాయంత్రం నేనే చెరిపేస్తానులే అనుకుని "సరే" నొక్కాను. రెండు సాయంత్రాలు చెరిపాను. మూడో సాయంత్రం మరిచిపోయాను.

ఆ మూడో రోజు మధ్యాహ్నమే మునిరత్నమన్న వచ్చాడు. నగరిలో మా నాయన పక్క మగ్గం ఆయనది. నన్ను చిన్నప్పుడు భుజాల మీద ఎక్కించుకుని తిప్పినవాడు. మనిషి సగమైపోయాడు. టీబీ అని తేలి నెల రోజులుగా మందులు మింగుతున్నాడట. ఇక్కడి ఆసుపత్రిలో మళ్లీ చూపించుకోవడానికి ఓపీ స్లిప్పు కావాలన్నాడు.

"నగరిలో నెట్ సెంటర్లు లేవా అన్నా, ఇంతదూరం వచ్చినావు?"

"ఉండాయి పాపా. ఆడ చేపిస్తే నేను ఇంటికి పొయ్యేలోపల వీధంతా తెలిసిపోతాది. ఇప్పుడు ఇంకొకరికి అంటదు, ఆర్నెల్లు ఇడవకుండా మింగితే నయమైపోతాదని డాక్టరమ్మ చెప్పినాది. చెప్తే ఎవురింటారు? యజమానికి తెలిస్తే మగ్గం కాడికి రానీడు."

పేరు, ఊరు, ఫోన్ నంబరు, "ఛాతీ, క్షయ వ్యాధుల విభాగం" అన్నీ ఎక్కించి స్లిప్పు ప్రింట్ తీశాను. ఆయన కాగితం మడిచి లోపలి జేబులో పెట్టుకుని, స్క్రీన్ వంక అనుమానంగా చూశాడు.

"ఇందులో నా పేరు ఉండిపోతాదా పాపా? మూస్తే పోతాదా?"

"మూస్తే పోతాదన్నా" అన్నాను.

అబద్ధం చెప్పాలని చెప్పలేదు. ఏళ్ల తరబడి అందరికీ చెప్పిన మాటే అది. బ్రౌజర్ మారింది గానీ నా నోరు మారలేదు.

మర్నాడు టికెట్ల రోజు. పొద్దున్నే గోవిందస్వామి వచ్చాడు. నగరిలో పన్నెండు పవర్‌లూమ్ మగ్గాల యజమాని. మునిరత్నమన్న పనిచేసేది ఆయన దగ్గరే. ఇంటిల్లిపాదికీ టికెట్లు కావాలన్నాడు. మా దగ్గర ఒక అలవాటుంది. ఆధార్‌లో ఉన్న పేరుకు ఒక్క అక్షరం తేడా వచ్చినా కొండ మీద ఆపేస్తారని, స్క్రీన్‌ను వచ్చినవాళ్ల వైపు తిప్పి, పక్కన కుర్చీ వేసి, వాళ్ల చేతే సరిచూపిస్తాం. స్క్రీన్ తిప్పాను. బ్రౌజర్ తెరిచాను.

చెప్పినట్టే వేగంగా వచ్చింది. నిన్న ఆపిన చోటి నుంచి వచ్చింది. స్క్రీన్ నిండా మునిరత్నమన్న ఓపీ స్లిప్పు, ఆ మిషన్ మీద నిన్న చేసిన ఆఖరి పని.

గబుక్కున మూశాను. రెండు క్షణాలు కూడా పట్టలేదు. చదవడానికి ఆయనకు అవే చాలాయి.

"మునిరత్నమా? మన మునిరత్నమేనా మ్మా?"

"కాదన్నా, వేరే ఎవురో."

ఆయన ఫోన్ తీసి ఏదో వెతికాడు. "నంబర్లో ఆఖరి నాలుగంకెలూ మనోడివే" అని ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. తర్వాత ఆ ఊసే ఎత్తలేదు. పదింటికి టికెట్లు వదిలారు. నాలుగే నిమిషాల్లో అందరికీ దొరికాయి. "నీ మిషను శానా ఫాస్టు మ్మా" అని మెచ్చుకుని వెళ్లాడు.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు అప్పుడు కూర్చుని మూడు మిషన్లూ చెరిపాను. మునిరత్నమన్నకు ఫోన్ చేసి చెప్పాల్సింది. చెయ్యలేదు. గోవిందస్వామి బయటపెట్టడేమోనన్న పిచ్చి ఆశ. అంతకంటే నిజం, ధైర్యం లేకపోవడం.

పది రోజులకు మునిరత్నమన్నే వచ్చాడు. లోపలికి రమ్మన్నా రాలేదు, గడప అవతలే నిలబడ్డాడు.

"నన్ను మగ్గం మీంచి తీసేసినారు. వీధి కొళాయి కాడ మా ఇంటిదాన్ని దూరంగా కడాకు నిలబడమంటాండారు. నేను తిట్టేదానికి రాలా. మూస్తే పోతాదంటివే పాపా, అట్లెట్లా తెలిసిందో అడిగిపోదామని వచ్చినా."

చెప్పాను. కొత్త బ్రౌజర్ సంగతి, టికెట్ల సంగతి, మరిచిపోయిన సాయంత్రం సంగతి. ఏడుస్తూనే చెప్పాను. ఆయన విని, "సరే, వడిగా వస్తాదని ఏసుకున్నావు" అన్నాడు. అంతే. తిట్టి ఉంటే తేలికపడేదాన్నేమో.

తమిళనాడు వైపు మగ్గాలకు పోతున్నానన్నాడు. మందులు అక్కడి ఆసుపత్రిలో కూడా ఊరికే ఇస్తారు, మార్పించుకునే కాగితం నేను చేసిస్తానన్నాను. చేతులు అడ్డంగా ఊపాడు.

"వద్దు తల్లీ. ఆడ అడిగితే ఆడా తెలిసిపోతాది. నన్ను ఇంక యాడా ఎక్కించొద్దు."

సందు మలుపు దాకా వెంటపడ్డాను, మందులు మానొద్దన్నా అని. బస్సుకు టైమైందన్నాడు. ఆ తర్వాత ఆయన ఫోన్ కలవలేదు.

కొత్త బ్రౌజర్ తీసేశాను. మళ్లీ పాత నత్తే. టికెట్ల రోజు జనం ఇప్పుడు పక్క సందుకే పోతారు. అక్కడ ఉన్నది ఆ కొత్తదే. వెళ్లి చెప్పాను కూడా. "ఎవురడుగుతారక్కా అదంతా" అని ఆ అబ్బాయి నవ్వాడు. వాడి మీద కోపం రాలేదు, మొన్నటి దాకా నేనూ అలాంటిదాన్నే. వేగమా, గోప్యతా అని ఆ రోజు తూకం వేసింది నేను. తక్కెడలో ఉన్నది మాత్రం నా బతుకు కాదు. ఇన్నేళ్ల పనిలో నేను నేర్చుకున్నది అదొక్కటే. అదీ ఆయనకు ఉపయోగపడనప్పుడు నేర్చుకున్నాను.

మరుసటి ఏడు వానాకాలంలో మునిరత్నమన్న భార్య కామాక్షక్క వచ్చింది. సంచిలోంచి మరణ ధ్రువపత్రం తీసి బల్ల మీద పెట్టింది. వితంతు పింఛనుకు దరఖాస్తు చెయ్యాలి. తమిళనాడు పోయాక ఒక్క మాత్ర కూడా మింగలేదట. ఆయన పేరు, ఊరు ఎక్కించాను. మరణానికి కారణం అన్న చోట ఆగిపోతే, ఆమే చెప్పింది, టీబీ అని రాయమని. పని అయ్యాక స్క్రీన్ ఆమె వైపు తిప్పి చూపించాను.

"నీ ముందరే అంతా చెరిపేస్తానక్కా, చూడు" అన్నాను.

ఆమె చూడలేదు. సంచి భుజానికి తగిలించుకుంది.

"ఉండనీ పాపా. ఇంక దాచేదానికి ఏముండాది?"